పేరు పైకి, అర్థం వెనక్కి

ఉట్నూరు,
8 సెప్టెంబర్ 1974

శ్రీమతి మనోరమ దొరసాని గారికి,

దెబోరా దండం పెట్టి రాసుకుంటున్న ఉత్తరం. ప్రభువు దయవల్ల మేమంతా క్షేమం. నేనెవరో గుర్తుపట్టారో లేదో. మంథని బడిలో ఐదో తరగతి దాకా మీ పక్కన కూర్చున్నదాన్ని. పాస్టరు యెషయా గారి పెద్ద బిడ్డను. ఇంగ్లీషు మొదలయ్యే ఏడే మీకు పెళ్ళి కుదిరింది, నాకు ఇంట్లో పని కుదిరింది. మీ అడ్రసు మొన్న మా నాన్న పంపాడు.

నేను ఇక్కడ చర్చి సంఘం వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో ఊడుస్తాను. మా ఆయన ఏలియా సర్కారు జీపు నడుపుతాడు. నెలలో ఇరవై రోజులు అడవి గూడేల్లోనే ఉంటాడు. ఇంట్లో నేనూ మా అత్త బుచ్చవ్వా.

మా హాస్టల్లో ఒక పద్ధతి ఉంది. పిల్ల గూడెం నుంచి వచ్చిన రోజు తన పెట్టె అందరి ముందూ తెరుస్తుంది. ఒక్కొక్క సామానూ పైకెత్తి చూపిస్తుంది. సామాన్ల గదిలో ఉండే మనిషి దాని పేరు రిజిస్టర్లో రాస్తుంది. సెలవులకు పోయేటప్పుడు ఆ పేర్లన్నీ మళ్ళీ చదివి, సామాన్లన్నీ ఉన్నాయని చూసుకుని పంపిస్తారు. ఈ ఏడు కేరళ నుంచి అన్నమ్మ మేడం వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, రిజిస్టరంతా ఇంగ్లీషులోనే ఉండాలి. సామాన్ల గదిలో ఉన్న ముసలామె మొన్ననే మానేసింది.

ఆ పని నాకు ఇమ్మని అడిగాను. మేడం నాతో తన అరకొర హిందీలో, "క్రిస్మస్ అయినంక జనవరి మూడో తారీఖున గదిలోని సామాన్లు చూపిస్తా, పేర్లు చెప్పు, చెప్తే పని నీదే" అంది. ఏబీసీడీలు మా నాన్న నేర్పాడు కానీ మాటలు రావు. నిర్మల్ నుంచి పది పాసైన అమ్మాయి ఒకామె కూడా అర్జీ పెట్టిందట.

పదేళ్ళుగా చీపురు పట్టిన చేయి ఇది. ఒక్కసారి కుర్చీలో కూర్చుని కలం పట్టాలని ఉంది దొరసాని గారూ. మీరు వకీలు గారి భార్య, మీ ఇంట్లో పొద్దస్తమానం ఇంగ్లీషే కదా. దయచేసి నాకు సామాన్ల పేర్లు రాసి పంపగలరా?

ఇట్లు,
మీ దెబోరా


కరీంనగర్,
19 సెప్టెంబర్ 1974

ఓసి దెబోరా,

ఇంకోసారి దొరసాని అని రాశావో, నీ ఉత్తరం వచ్చినట్టే వెనక్కి పంపిస్తాను. నా పలక పగలగొట్టి, నేరం నా మీదే మోపి, పంతులుతో నన్ను గోడకుర్చీ వేయించినదానివి. అప్పుడు లేని గారు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?

ఇంగ్లీషు సంగతంటావా, అదెంత భాగ్యం! మావారు జైపాల్‌రావు గారు కోర్టు నుంచి వచ్చినా అదే, చుట్టాలు వచ్చినా అదే. నేను అలా వింటూ వింటూ... సరే, అది వదిలెయ్. ఈ కవర్లో ఇరవై చీటీలు పెట్టాను. ఎర్ర సిరాతో పైన ఇంగ్లీషు పేరు ఉంటుంది, మన అక్షరాల్లోనే రాశాను. నీలి సిరాతో వెనక అర్థం ఉంటుంది. మైదాపిండి ఉడికించి ఏ సామాను చీటీ ఆ సామానుకు అంటించు. పేరు పైకి, అర్థం వెనక్కి. ఇది నా నియమం. అర్థం కళ్ళ ముందు ఉంటే ఎవరికైనా వస్తుంది. మన పంతులు ఎక్కాలు బోర్డు మీద రాసిపెట్టి అప్పజెప్పమంటే ఎంత గడగడా చెప్పేవాళ్ళం, చెరిపేస్తే ఏమయ్యేది?

ఈ మధ్య నేను పక్కింటి రాధాబాయి టీచరు దగ్గర కుట్లు నేర్చుకుంటున్నాను. మధ్యాహ్నాలు తీరిక ఉండదు. జవాబు ఆలస్యమైతే కోపం తెచ్చుకోకు.

నీ మనోరమ


ఉట్నూరు,
12 అక్టోబర్ 1974

మనోరమ గారికి,

దొరసాని తీసేశాను. గారు మాత్రం ఇప్పుడే తీసేయలేను, కలం ఒప్పుకోదు.

చీటీలు అందాయి. ఇల్లంతా ఎర్ర అక్షరాలే. దువ్వెనను కోంబ్ అంటారని, తలుపును డోర్ అంటారని, గిన్నెను బౌల్ అంటారని నాకిప్పుడు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. మా అత్త మొదట్లో గుస్సా చేసింది. "గిదేంది పిల్లా, ఇంటికి గజ్జి లేసినట్టు! గంజు కడుగుదామంటే సుత చీటీ తడుస్తదని భయమైతుంది" అని ఒకటే గొణుగుడు. నాలుగు రోజులకు దారికొచ్చింది. ఇప్పుడు ఇంటికెవరైనా వస్తే తానే చూపిస్తుంది. "మా కోడలు పెద్ద కొలువు జేయబోతుంది. జర చీటీలు ముట్టకుండ్రి" అని.

మా ఆయన గూడెం నుంచి వచ్చి మంచినీళ్ళు తాగబోతూ గ్లాసు మీద చీటీ చూసి, "నీళ్ళు తాగుటానికి సుత పరీచ్చ రాయాల్నా?" అన్నాడు. నవ్వి నవ్వి పొలమారింది.

ఒక మాట అడుగుతాను. గోడకు ఉండే కొక్కేన్ని ఏమంటారు? ఇంకా చీటీలు ఉంటే పంపండి. మీ కుట్లు ఎంతవరకు వచ్చాయి?

మీ దెబోరా


కరీంనగర్,
25 నవంబర్ 1974

దెబోరా,

నెల దాటింది, తెలుసు. తిట్టుకో. కొక్కేన్ని హుక్ అంటారు. నాకు వెంటనే తెలుసు, రాయడానికే తీరలేదు.

ఇదిగో ఇంకో ఇరవై నాలుగు చీటీలు. సూది, దారం, చాప, దిండు, చీపురు, గొడుగు, దస్తీ, కంబళి, కత్తెర, ఇంకా చాలా ఉన్నాయి. నియమం గుర్తుందిగా?

మొన్న మా ఇంటికి జడ్జి గారి భార్య వచ్చింది. మద్రాసు ఆవిడ, అంతా ఇంగ్లీషే. నేను కాఫీ ఇచ్చి తలనొప్పి అని లోపల పడుకున్నాను. ఈ మధ్య ఎవరొచ్చినా నాకు తలనొప్పి వస్తోంది. రాధాబాయి టీచరు అదేం తలనొప్పో కనిపెట్టి నవ్వుతుంది.

కుట్లు బాగానే సాగుతున్నాయి.

మనోరమ


ఉట్నూరు,
21 డిసెంబర్ 1974

మనోరమా,

చూశావా, గారు కూడా పోయింది. క్రిస్మస్ ముందు మనసు తేలికగా ఉంది మరి.

మా చెల్లి పెళ్ళికి మంథని వెళ్ళి పన్నెండు రోజులు ఉండి వచ్చాను. నేను లేనప్పుడే నీ రెండో కవరు వచ్చిందట. వచ్చి చూద్దును కదా, మా అత్త క్రిస్మస్‌కని ఇల్లంతా సున్నం వేసి, అరుగు అలికి, నీ చీటీలన్నీ తానే అంటించి పెట్టింది! ఒక్కటి కూడా వంకర లేదు, అన్నీ ఎర్ర సిరా పైకే. చదువు రాని మనిషి నా కోసం ఇంత చేసిందని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాను. "ఏడ్సుడెందుకు, సదువుకో" అంది.

పది రోజుల నుంచి రాత్రీ పగలూ అవే చదువుతున్నాను. ఇంగ్లీషు ఎంత చిత్రమైన భాష! వడ్ల గుమ్మిని హ్యాండ్‌కర్చీఫ్ అంటారట. పేరు కూడా గుమ్మి అంత ఉంది. మంచాన్ని అంబ్రెల్లా, చాపను సిజర్స్, ముఖం తుడుచుకునే దస్తీని నీడిల్, అద్దాన్ని బ్రూమ్. బ్రూమ్ అన్న మాట నాకు భలే నచ్చింది. పొద్దున్నే బ్రూమ్‌లో ముఖం చూసుకుని బొట్టులేని నా నొసలు తుడుచుకుని పనికి పోతున్నాను.

నిన్న మా ఆయన వచ్చి, "జీపు అద్దాన్ని మిర్రర్ అంటరు గదనే" అన్నాడు. జీపు అద్దం వేరు, ఇంటి అద్దం వేరు, కరీంనగర్ వకీలు భార్య కన్నా నీకు ఎక్కువ తెలుసా అని నోరు మూయించాను.

మూడో తారీఖే పరీక్ష. నాకిప్పుడు భయమే లేదు. అంతా నీ దయ.

నీ దెబోరా


కరీంనగర్,
30 డిసెంబర్ 1974

దెబోరా,

ఉత్తరం అందగానే చేతిలో పనంతా వదిలేసి ఇది చదువు. అద్దం బ్రూమ్ కాదు! గుమ్మి హ్యాండ్‌కర్చీఫ్ కాదు! చీటీలు తారుమారయ్యాయి. సరైన జాబితా ఈ ఉత్తరం చివర పెట్టాను. మూడో తారీఖు లోపల నీకు అందాలని దేవుళ్ళందరికీ మొక్కాను, మీ ప్రభువుకు కూడా.

నీ ఉత్తరం అంది మూడు రోజులైంది. వెంటనే ఎందుకు రాయలేదో చెప్పాలి. సిగ్గు విడిచి చెప్తున్నాను. నీ ఉత్తరం చదివి, తప్పు నాదేనేమో అనుకున్నాను. ఎందుకంటే నాకూ ఇంగ్లీషు రాదు దెబోరా. ఐదో తరగతిలో నువ్వెక్కడ ఆగావో నేనూ అక్కడే ఆగాను. ఈ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేది మావారు, వినేది గోడలు, తలనొప్పి అని లోపలికి పోయేది నేను. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు లేదని చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది. రాధాబాయి టీచరు దగ్గర నేర్చుకుంటున్నది కుట్లు కాదు. ఇవాళ నేను నేర్చుకున్న మాట రేపు నీకు చీటీ అవుతోంది. నా చీటీలు నా బట్టల అల్మారా లోపల అంటించుకున్నాను, ఎవరికీ కనపడకుండా. కొక్కేనికి నెల పట్టింది టీచరు ఊరెళ్ళింది కాబట్టి.

నీ ఉత్తరం చూసి కంగారుపడి నా చీటీలు కొన్ని మళ్ళీ కొత్తగా రాసి, అల్మారాలో అంటించడానికి వెనక పిండి పూసి, మంచం మీద పరిచి టీచరును పిలవబోయాను. ఇంతలో మావారు కోర్టుకు టైమైందని నల్లకోటు ఆ మంచం మీద పడేసి, జోళ్ళు వేసుకుని, కోటు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఆయన వీపు మీద 'పిల్లో' అని ఎర్ర సిరా చీటీ! సాయంత్రం దాకా అలాగే వాదించారట. జడ్జి గారు కూడా నవ్వు ఆపుకోలేక కేసు వాయిదా వేశారట.

ఇంటికి వచ్చి చీటీ నా ముందు పెట్టారు. "గిది నీ అక్షరమే గదా?" అన్నారు. అంతా చెప్పాను. అల్మారా తెరిచి చూపించాను. తిడతారనుకున్నాను. చాలాసేపు ఆ తలుపు లోపలి చీటీలు ఒక్కొక్కటీ చదివి, "పన్నెండేండ్ల సంది ఒక్క ఇంట్ల ఉంటున్నం. నన్నడిగితే నేను జెప్పకపోదునా?" అన్నారు.

"అడిగితే నవ్వుతరని అడగలే" అన్నాను.

ఆయన కలం తీసుకున్నారు. నీకు రాయాల్సిన జాబితా తానే కూర్చుని సరిచూశారు, నా పేర్లలో తప్పు లేదన్నారు, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాశారు. కింద ఉన్నది ఆయన దస్తూరీయే.

నిన్ను ఇంత మోసం చేసినందుకు నా మీద ఎంత కోపం వచ్చినా సరే. ముందు జాబితా చదువు.

మనోరమ


ఉట్నూరు,
9 జనవరి 1975

ఓసి మనోరమా,

నీ ఉత్తరం ఆరో తారీఖున అందింది. పరీక్ష మూడో తారీఖునే అయిపోయింది.

ఏమైందో విను. సామాన్ల గదిలో మేడం, ఆ నిర్మల్ అమ్మాయి, నేను. మేడం బియ్యం గుమ్మి చూపించింది. నేను ఛాతీ విరుచుకుని "హ్యాండ్‌కర్చీఫ్ మేడం" అన్నాను. ఆమె ఉలిక్కిపడింది. మంచం చూపించింది. "అంబ్రెల్లా" అన్నాను. అద్దానికి "బ్రూమ్" అన్నాను. అప్పటికే మేడం కళ్ళ నిండా నీళ్ళు, నవ్వు ఆగడం లేదు. కళ్ళు తుడుచుకుందామని దస్తీ తీసింది. అది కూడా అడుగుతోందనుకుని "నీడిల్" అన్నాను. ఆమె గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. నిర్మల్ అమ్మాయి అన్నీ గడగడా చెప్పింది.

ఇంటికి వచ్చి తలుపు వేసుకుని అద్దం ముందు కూలబడ్డాను. ఎక్కడ తప్పిందో తెలియలేదు. గోటితో ఆ బ్రూమ్ చీటీ పీకాను. వెనక పిండిలో సగం కరిగిన నీలి సిరా. దీపం దగ్గర పెట్టి చూస్తే, చీపురు అని ఉంది.

"అత్తా, ఏ చీటీ దేనికి పెట్టాల్నో నీకెట్ల తెలిసింది?" అని అడిగాను.

"గండ్ల తెల్వకపోవుడేముంది? పెద్ద చీటీ పెద్ద సామానుకు, సిన్న చీటీ సిన్న సామానుకు" అంది.

మనోరమా, నిజంగా అంతే! నీ చీటీల్లో హ్యాండ్‌కర్చీఫ్ అన్నిటికన్నా పొడుగు. మా ఇంట్లో అన్నిటికన్నా పెద్దది గుమ్మి. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. పదేళ్ళ ఆశ ఆమె చేతుల మీదుగా పోయింది మరి.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంట్లో లేదు. హాస్టల్ నుంచి మనిషి వచ్చి మేడం పిలుస్తోందంది. వెళ్ళి చూస్తే మేడం బల్ల ముందు మా అత్త ఒక చేత్తో అద్దం, ఒక చేత్తో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చెప్పేది మేడంకు అర్థం కావడం లేదు, దాన్ని హిందీలోకి మార్చడానికి పిలిచింది నన్ను! నా గురించి మా అత్త చెప్పే మాటల్ని నేనే నా నోటితో చెప్పాల్సి వచ్చింది.

"తప్పు నాది బిడ్డా, గీ పిల్లది గాదు. నాకు అచ్చరం ముక్క రాదు. గిది ఊర్ల లేకుంటే దీని పని నేను జేసిన. తప్పు నేను నేర్పిన, గిది తప్పును సుత తప్పు లేకుంట నేర్సుకున్నది. గంత నేర్సుకునేదానికి మంచిది నేర్పితే ఎంత నేర్సుకుంటదో జర సోచాయించు."

చివరి మాట నేల చూస్తూ చెప్పాను. మేడం మా అత్త చేతుల్లోని అద్దం, చీపురు తీసుకుని బల్ల మీద పెట్టింది. తర్వాత, "ఇరవయ్యో తారీఖున పిల్లలు వస్తారు. ఆ రోజు ఇద్దరినీ గదిలో కూర్చోబెట్టి చూస్తాను" అంది.

నీ మీద కోపమా? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు నాకు పైనుంచి నేర్పుతున్నావనుకుని ఇన్నాళ్ళూ ఒదిగి ఒదిగి రాశాను. నువ్వు అప్పటిలాగే నా పక్కనే కూర్చున్నావని తెలిశాక ఎంత సంతోషమైందో చెప్పలేను. వకీలు గారి జాబితా చూసుకుని ఒక్క చీటీ కూడా తారుమారు కాకుండా అన్నీ మళ్ళీ అంటించాను. మా అత్త పిండి కలిపింది, అంటించే పని మాత్రం నాకే వదిలేసింది.

దెబోరా


కరీంనగర్,
17 జనవరి 1975

దెబోరా,

మీ అత్తను ఒక్కసారి కరీంనగర్ పంపించవే. మావారు తన దగ్గర జూనియర్‌గా పెట్టుకుంటారట. ఆమె వాదన చదివి, "పదిహేనేండ్ల సంది కోర్టుల ఉన్న, నాకు గిట్ల మాట్లాడొస్తలేదు" అన్నారు.

జడ్జి గారి భార్య నిన్న మళ్ళీ వచ్చింది. నాకు తలనొప్పి రాలేదు. నా మాటలు యాభై కూడా ఉండవు, అన్నీ సామాన్ల పేర్లే. అయినా కూర్చున్నాను. ఆవిడ దిండు మీద పూలు చూసింది. "పిల్లో. మై స్టిచ్చింగ్" అన్నాను. మావారు కాఫీ ఒలకబోసుకున్నారు. ఆ పిల్లో కథ ఆవిడకు ముందే తెలుసట, పడీ పడీ నవ్వింది. కుట్లు ఎవరివో మాత్రం అడగకు, రాధాబాయి టీచరువి.

ఇరవయ్యో తారీఖున పొద్దున్నుంచి నీ గురించే అనుకుంటూ ఉంటాను. ఏం జరిగినా దాచకుండా రాయి. దాచడం నా పని, నీది కాదు.

మనోరమ


ఉట్నూరు,
2 ఫిబ్రవరి 1975

నా మనోరమా,

ఆ రోజు పిల్లలు ముప్పై మంది వచ్చారు. సగం మందికి నిర్మల్ అమ్మాయి రాసింది, సగం మందికి నేను. నాకు ఒక్క పేరు తప్పలేదు. కోంబ్, టవల్, బ్లాంకెట్, సోప్ బాక్స్, అన్నీ చేతిలోకి వచ్చి కూర్చున్నాయి.

చివర ఒక పిల్ల, మారుమూల గూడెం నుంచి మొదటిసారి వచ్చింది. పెట్టెలో నుంచి ఎండిన సొరకాయ బుర్ర తీసింది. నీళ్ళు పోసుకునేది, మెడకు తాడు కట్టి ఉంది. నీ చీటీల్లో దానికి పేరు లేదు. నిర్మల్ అమ్మాయి "బాటిల్" అని రాయమంది. మేడం కూడా తల ఊపింది. నాకు మనసొప్పలేదు.

"బాటిల్ అని రాస్తే ఎండాకాలం సెలవులకు పోయేటప్పుడు బాటిల్ ఏదని అడుగుతాం. ఈ పిల్ల నా దగ్గర బాటిల్ లేదంటుంది. సామాను పోయిందని రాసుకుంటాం. దీని పేరేమిటో ఈ పిల్లనే అడుగుదాం" అన్నాను. కింద కూర్చుని అడిగాను. అంతవరకు నోరు విప్పని ఆ పిల్ల బుర్రను ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ మాటలో దాని పేరు చెప్పింది. నేను ఇంగ్లీషు అక్షరాలతో అదే రాశాను. మేడం రిజిస్టర్ తన వైపు తిప్పుకుని చూసింది. ఆ పేరు చదివి మళ్ళీ నా వైపు తిప్పింది.

నిర్మల్ అమ్మాయి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. పది రోజులు రోజూ పొద్దున్నే వెళ్ళి ఊడ్చి వచ్చాను. అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆ పది రోజులూ మేడం సాయంత్రం పూట మా ఇంటికి వచ్చేది. మా అత్త పక్కన కూర్చుని సామాన్లు చూపించి వాటి తెలుగు పేర్లు చెప్పించుకునేది. దిండు పైకెత్తి, "మెత్త అనరా బిడ్డా, మెత్త" అని మా అత్త, "మెత్తా" అని మేడం. ఎందుకో నాకు అర్థం కాలేదు.

నిన్న పొద్దున చీపురు తీసుకుందామని సామాన్ల గది తెరిచాను. అన్ని సామాన్ల మీదా ఎర్ర సిరా చీటీలు ఉన్నాయి. మంచం, మెత్త, సాప, గంజు, అన్నీ తెలుగులో, మేడం హాస్టల్ పిల్లల దగ్గర నేర్చుకున్న, కోడి గీకినట్టున్న అక్షరాలు. గంజుకు సున్నా లేదు, మంచానికి రెండున్నాయి. రిజిస్టర్ బల్ల వెనక కుర్చీ ఉంది. దాని వీపు మీద కూడా ఒక చీటీ, అన్నిటికన్నా పెద్దది.

దెబోరా.

ఆ చీటీ పక్కనే తాళంచేతుల గుత్తి వేలాడుతోంది. వెనకనుంచి మేడం వచ్చి, "బైఠో" అంది. కూర్చోకుండా ఇంటికి పరుగెత్తి మా అత్తను తీసుకొచ్చాను. ఆమె కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. చేత్తో చీటీ తడిమింది. చదువు రాకపోయినా అనుమానం మాత్రం వదల్లేదు.

"పెద్ద చీటీ ఉన్నది. సరైన సామానుకే అంటించిండ్రా పిల్లా? జర మంచిగ సూడు" అంది.

నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను.

"సరైనదానికే అత్తా" అన్నాను.

నీ దెబోరా